మూడో దెబ్బ

మేకు మీద రెండు దెబ్బలు. మూడోది మోకాలి మీద.

పూలమ్మ చేతికి ముప్పై ఏళ్లుగా ఇదే వరస. సుత్తి రెండు దెబ్బల్లో మేకును పలకలోకి దించుతుంది. వెంటనే వచ్చి ఆమె కుడి మోకాలికి నాలుగు వేళ్ల పైన, చీర మీద, మెత్తగా తగిలి ఆగుతుంది. అది ఆగిన ఆ కాస్తలో ఎడమచెయ్యి పెదవుల మధ్య పట్టుకున్న మేకుల్లోంచి ఒకటి తీసి పలక మీద నిలబెడుతుంది. సుత్తి లేస్తుంది. మళ్లీ రెండు. మళ్లీ ఒకటి.

మదనపల్లెలో గంగాధరానికి పెట్టెల షెడ్డు ఉంది. అందులో ఎనిమిది మంది ఆడవాళ్లు చిన్న పీటల మీద కూర్చుని, ఎడమకాలు చాపి, కుడి మోకాలు పైకి మడిచి, ముందర పలక పెట్టుకుని ఇట్లాగే కొడతారు. రోడ్డు మీద పోయేవాళ్లకు రెండు దెబ్బలే వినబడతాయి. మూడోది బట్ట మీద పడుతుంది కాబట్టి అది కొట్టేవాళ్లకే తెలుసు.

పూలమ్మ పదిహేడేళ్లప్పుడు పుంగనూరు నుంచి బస్సెక్కి ఈ షెడ్డుకు వచ్చింది. అప్పుడు ఇక్కడి టమోటా చెక్కపెట్టెల్లో పోయేది. మొదటి వారం మేకుల కంటే బొటనవేలి మీదే ఎక్కువ దెబ్బలు పడ్డాయి. పక్కపీట మీది ముసలామె నాగులమ్మ చూసి చూసి ఆమె చెయ్యి పట్టుకుంది.

"యాలమ్మే అంత తొందర? రెండు దానికి కొట్టు. ఒకటి నీకు కొట్టుకో. అంతలోకి వేలు పక్కకు పోతాది."

నాగులమ్మ పోయింది. ఆ వరస పూలమ్మకు మిగిలింది. తర్వాత వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆమే నేర్పింది. పద్దెనిమిదేళ్ల కిందట సుగ్రా వచ్చినప్పుడు, ఆమె మోకాలి మీద సుత్తి ఆనించి, "ఈడ. మెల్లగా" అని చూపించింది. అప్పటినుంచి ఇద్దరి పీటలూ పక్కపక్కనే.

పూలమ్మ భర్త అంకయ్య పుంగనూరులో ఒక స్కూలుకు వాచ్‌మన్. అన్నం పెట్టేటప్పుడు ఆమె గరిటెను గిన్నె అంచుకు రెండుసార్లు తట్టి, మూడోసారి మోకాలికి తట్టుకోవడం చూసి నవ్వేవాడు.

"నీ మోకాలికి గూడా పప్పు పెడతాండావే! అదేమన్నా నా తమ్ముడా?"

ఆమె చీరలన్నిటికీ కుడి మోకాలి దగ్గర పసుపు మరక ఒకటి ఉంటుంది. ఎంత ఉతికినా పోదు. ఆమె దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు.

టమోటా ప్లాస్టిక్ ట్రేలలోకి మారింది. పెట్టెలు అడిగేవాళ్లు తగ్గుతూ వచ్చారు. వారానికి ఆరు రోజుల పని నాలుగైంది, నాలుగు మూడైంది. షెడ్డులో ఆడవాళ్లు చెక్కపొట్టు ఊడ్చి, టీ తాగి, మధ్యాహ్నానికే ఇళ్లకు పోయే రోజులు వచ్చాయి.

కిందటి చలికాలంలో గంగాధరం కుప్పం నుంచి ఒక ఆర్డరు తెచ్చాడు. గ్రానైటు బండలు పెట్టి దూరదేశాలకు పంపే పెద్ద చెక్కపెట్టెలు. అందరినీ పిలిచి నిలబెట్టి చెప్పాడు.

"తొమ్మిది వందల పెట్టెలమ్మా. నలభై దినాలు. కొడితే ఏడాది పొడుగునా పని. కొట్టలేకపోతే షెడ్డుకు తాళం. సుత్తితో అయ్యే పని కాదిది. గన్ను కొనల్ల."

"గన్నంటే?" అంది సుగ్రా.

"మేకులు పేల్చేది. గాలితో."

"మనమేమన్నా పోలీసోళ్లమా అన్నా?"

అందరూ నవ్వారు. గంగాధరం కూడా నవ్వి, నవ్వు ఆపి అన్నాడు.

"ఏ గన్ను కావల్లో నాకు తెల్దు. నేను కట్టె కొనేటోణ్ణి. మేకు సంగతి తెలిసింది పూలమ్మకు. ఆమే ఎంచుతాది."

పూలమ్మ ఎంచిందే ఎనిమిది మంది చేతుల్లోకి వస్తుంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ఆమె మాత్రం అనుకుంది. అనుకుని, కొంచెం గర్వపడింది కూడా.

రెండు రోజుల తర్వాత గంగాధరం వ్యానులో ఇద్దరూ కుప్పం బయల్దేరారు. వెనక నమూనా పెట్టె ఒకటి. వెంకటగిరికోటలో టీకి ఆగినప్పుడు గంగాధరం ఆ పెట్టెను చేత్తో ఊపి చూశాడు. కదల్లేదు.

"ఇట్లుండల్ల తొమ్మిది వందలూ," అన్నాడు.

"ఉంటాయి లేన్నా."

గ్రానైటువాళ్లకు పెట్టె చూపించి, ఒప్పించి, బజారుకు వచ్చారు. పనిముట్ల కొట్టు అఫ్రోజ్‌ది. అతనికి ముప్పై ఏళ్లుంటాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ నాలుగు గన్నులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. సంగతి అడిగేది గంగాధరం అనుకుని ఆయన వైపు తిప్పి పెట్టాడు. గంగాధరం వాటిని పూలమ్మ వైపు తిప్పాడు.

మొదటిది చిన్నది, చేతిలో ఒదిగేది. పూలమ్మ గన్నును చూడలేదు.

"దీని మేకు చూపీప్పా," అంది.

అఫ్రోజ్ చూపించాడు. సూదిలాంటి మేకు. దానికి తల లేదు.

"తల లేని మేకు పలకను పట్టుకోదు. బండల బరువు పడితే జారి వచ్చేస్తాది."

"కరెక్టే అక్కా. ఇది బీడింగు పనికి. తలుపులకు, అద్దాలకు."

రెండోది బ్యాటరీది. అఫ్రోజ్ దాని గుణాలు చెబుతున్నంతసేపూ పూలమ్మ దాన్ని చెయ్యి చాపి పట్టుకుంది. అతను చెప్పడం అయిపోయేసరికి కిందికి దించింది.

"నువ్వు చెప్పే లోపలే చెయ్యి లాగేసింది. నూరు మేకులు కొట్టేతలికి మణికట్టు ఉండదు."

మిగిలినవి రెండు. రెండూ గాలిపైపుతో నడిచేవి. మేకులు చుట్టలాగా గుండ్రటి డబ్బాలో కూర్చుంటాయి. ఒకటి ఎర్రది, ఒకటి బూడిదరంగుది. రంగు తప్ప ఆమెకు తేడా కనపడలేదు.

"పలక ముప్పాతిక అంగుళం. మేకు దానికి మూడింతలుండల్ల. రెండున్నర అంగుళాలది ఇందులో పడుతుందా?"

"పడుతుంది. రెండిట్లోనూ." అఫ్రోజ్ గంగాధరాన్ని చూశాడు. "ఏమన్నా, ఈయమ్మ ఇంజనీరా?"

"ఇంజనీరుకు సెప్పే మనిషి."

అఫ్రోజ్ బూడిదరంగుది ఎత్తాడు.

"ఇది ఒక్కో మేకుకూ నిన్ను అడుగుతాదక్కా. ముక్కు పలక మింద ఆనించల్ల, ఆనక ట్రిగ్గర్ నొక్కల్ల, వదలల్ల. మళ్లా ఆనించల్ల, మళ్లా నొక్కల్ల. ముందే నొక్కి పెట్టుకోని తట్టితే పలకదు." దాన్ని దించి ఎర్రది ఎత్తాడు. "ఇది అడగదు. వేలు నొక్కి పెట్టుకో, తట్టుకుంటా పో. ముక్కు యాడ తగిల్తే ఆడ మేకు."

"యాది మేలు?" అన్నాడు గంగాధరం.

"వేగానికి ఎర్రది. కొత్త చేతులకు బూడిదరంగుదే మేలంటాను."

"కొత్త చేతులా? ముప్పై ఏండ్లప్పా ఆ చేతికి!"

పూలమ్మకు ఆ మాట తియ్యగా తగిలింది. అఫ్రోజ్ బల్ల మీద ఒక నీలగిరి పలక పెట్టాడు. ఆమె నిలబడి బూడిదరంగు దానితో నాలుగు మేకులు కొట్టింది. నడిచిపోతున్న మనిషిని అడుగడుక్కీ ఆపి ఊరు పేరు అడిగినట్టుంది. దాన్ని పెట్టేసి ఎర్రది తీసుకుంది. వేలు నొక్కి పెట్టింది.

ఠప్, ఠప్.

చెయ్యి ఆగింది.

ఠప్, ఠప్.

మళ్లీ ఆగింది. షెడ్డులో వరసే. తన వరసే. ఇనుముకు ఎవరో ముందే నేర్పి పంపినట్టుంది.

ఆ రెండు ఆగిన చోట్లా చెయ్యి గాల్లో కిందికి కొంచెం దిగి, ఏమీ తగలక, పైకి వచ్చింది. నిలబడి ఉంది కాబట్టి మోకాలు అక్కడ లేదు. ఆమె అది గమనించలేదు. పక్కన ఉన్న ఇద్దరూ గమనించలేదు.

"ఇది," అంది.

ఎర్రవి రెండు తీసుకున్నారు.

సోమవారం కంప్రెసర్ వచ్చింది. నిలబడి కొట్టడానికని గంగాధరం ఒక ఎత్తు బల్ల చేయించి పెట్టాడు. ఆడవాళ్లు దాని చుట్టూ తిరిగి చూసి, నలుగురు పట్టి గోడ పక్కకు జరిపారు.

"పొద్దంతా నిలబడితే కాళ్లు వాస్తాయన్నా," అంది ఇందు. షెడ్డులో అందరికంటే చిన్నది ఇందు. "మీరు కావాలంటే ఎక్కి కూర్చోండి దాని మింద."

పీటలు వచ్చాయి. గన్నులు రెండే కాబట్టి మొదట పూలమ్మ, సుగ్రా కూర్చున్నారు. మిగిలినవాళ్లు పలకలు అందించడానికీ, చూడడానికీ నిలబడ్డారు. తర్వాత వంతులవారీగా అందరూ పట్టాలి.

"నోరు ఖాళీ అయిపాయ యక్కా," అంది సుగ్రా. "ఇంగ మేకుల్లేవు. హాయిగా మాట్లాడొచ్చు."

"ఉన్నప్పుడు మాట్లాడలేదా నువ్వు?"

"అప్పుడు సగమే మాట్లాడినా."

పొద్దునంతా ఇద్దరూ గన్నును రెండు చేతులా పట్టుకుని, ముక్కును చూస్తూ, ఊపిరి బిగబట్టి కొట్టారు. పిల్లిని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఒక పలక పూర్తయితే గన్ను కింద పెట్టి చేతులు తుడుచుకున్నారు. పదకొండు గంటలకు పూర్తయిన మొదటి పెట్టెను గంగాధరం ఊపి చూశాడు. కదల్లేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక చేతులకు భయం పోయింది.

ఒక చెయ్యి చాలనిపించింది. చూడకుండా కొట్టొచ్చనిపించింది. సుగ్రా తన కూతురి ఆఫీసు సంగతి ఎత్తుకుంది. కూతురు జువేరియా ఊళ్లోనే ఒక ఫైనాన్సు కంపెనీలో పని చేస్తుంది. అక్కడి మేనేజరుకు ఏసీ పడదట. అందరూ చెమట కారుస్తుంటే ఆయన మఫ్లరు కట్టుకుని కూర్చుంటాడట. అందరూ నవ్వుతున్నారు.

ఠప్, ఠప్. ఆగడం. ఠప్, ఠప్. ఆగడం.

రెండు గన్నులూ ఒకే వరసలో పడ్డాయి. పూలమ్మకు లోపల ఎక్కడో నిమ్మళించింది. షెడ్డు బతికింది. చప్పుడు మారింది గాని వరస మారలేదు.

ఠప్, ఠప్.

ఠప్.

మూడోది వినబడింది.

ముప్పై ఏళ్లలో మూడోది వినబడటం అదే మొదలు. అది చెక్క చప్పుడు కాదు.

సుగ్రా అరవలేదు. తలవంచి మోకాలి వైపు చూసుకుంది. ఆకుపచ్చ చీర మీద, మోకాలికి నాలుగు వేళ్ల పైన, మేకు తల ఒకటి గుండ్రంగా మెరుస్తోంది. గుండీ కుట్టినట్టుంది. రక్తం లేదు.

"యక్కా," అంది. "ఇది నా కాలేనా?"

 పూలమ్మ తన చేతిని చూస్తోంది. తన చేతిలోని గన్ను తన మోకాలికి జానెడు ఎత్తులో ఉంది. కిందికి వస్తూ ఆగిపోయింది. వేలు ట్రిగ్గర్‌ను నొక్కే ఉంది. రమ్మని దానికి ఎవరూ చెప్పలేదు. ఆ చప్పుడు ఒక్క రెప్పపాటు ఆలస్యమై ఉంటే అది వచ్చేసి ఉండేది.

వేలు తియ్యాలనుకుంది. రాలేదు. వేలు తనది కాదు. షెడ్డులో ఎవరూ కదల్లేదు. కంప్రెసర్ ఒక్కటే కొట్టుకుంటోంది.

ఇందు ఉరికి పైపు లాగేసింది. గాలి బుస్సుమని పోయింది. అప్పుడు పూలమ్మ వేలు వదులైంది.

అప్పుడు రక్తం వచ్చింది.

ఒకామె మేకులు పీకే సుత్తి తీసుకుని వచ్చింది. ఆమెకు చెడ్డ ఉద్దేశం లేదు. వంకర పోయిన మేకును రోజుకు పదిసార్లు అట్లాగే పీకుతారు.

"పట్టుకోండమ్మే, పీకేద్దాం."

పూలమ్మ ఆ సుత్తిని లాక్కుని దూరంగా విసిరేసింది.

"పలకా అది? ఎవురూ తాకొద్దండి!"

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఆటోలో సుగ్రాకూ పూలమ్మకూ మధ్య ఒక పలక పెట్టి దాని మీద దెబ్బ తగిలిన కాలు చాపారు. గుంత వచ్చినప్పుడల్లా పూలమ్మ పలకను రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. సుగ్రా ముఖం సున్నంలా ఉంది.

"నేను తట్టలేదక్కా," అంది. "అదే పోయింది."

"తెలుసు."

"నీకెట్ల తెలుసు?"

పూలమ్మ పలక అంచును ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించాడు. ఎముక పక్కనుంచి పోయిందన్నాడు. ఒక వేలు ఇటైతే ఎముకలో దిగేదన్నాడు. కొంచెం కిందికైతే కీలులో పడేది, ఇక ఆ కాలు మడిచేది కష్టం అన్నాడు. తీసేస్తాం, నెలన్నరకు నడుస్తుంది, భయం లేదన్నాడు.

పూలమ్మ మాటలు వింటోంది గాని చూపు ఎక్స్‌రే మీదే ఉంది. ముప్పై ఏళ్లు ఆమె మేకు తలనే చూసింది. లోపలికి దిగినాక మేకు ఎట్లా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. చెక్క చూపించదు. ఇప్పుడు చూసింది. తెల్లగా, నిటారుగా, అణువంత వంకర లేకుండా ఉంది. మంచి మేకు. మంచిగా దిగింది. రెండున్నర అంగుళాలు. తానే ఎంచింది.



సాయంత్రం ఐదుకు సుగ్రాను వార్డుకు తెచ్చారు. తీసిన మేకును నర్సు చిన్న డబ్బాలో వేసి ఇచ్చింది. ఆఫీసు నుంచి జువేరియా మెళ్లో కార్డు తియ్యకుండానే వచ్చింది. తల్లి కాలి కట్టును చూసింది, డబ్బాను చూసింది, గంగాధరాన్ని చూసింది.

"ఎవురు తెచ్చినారు ఆ మిషన్ను?"

"నేనేమ్మా," అన్నాడు గంగాధరం. "ఆస్పత్రి సంగతంతా నేను చూసుకుంటా..."

"తెచ్చింది కాదు. ఎంచింది ఎవురని."

గంగాధరం నేల చూశాడు.

"నేను," అంది పూలమ్మ.

జువేరియా పూలమ్మ వైపు తిరిగింది. ఈ పిల్ల చిన్నప్పుడు షెడ్డులోనే, పూలమ్మ పీట పక్కనే గోనె మీద పడుకుని నిద్రపోయేది. ఆ రెండు దెబ్బలకూ ఆమెకు నిద్ర పట్టేది.

"చూసి ఎంచలేదా అత్తా?" అంది, చాలా మెల్లగా.

మంచం మీద నుంచి సుగ్రా అంది. మత్తు ఇంకా పోలేదు, మాట జారుతోంది.

"అక్కను ఏమనొద్దు బేటీ. మోకాలి మింద తట్టుకునేది గూడా అక్కే నేర్పిండేది. మెల్లగా తట్టమనే చెప్పింది. నేనే వినలే."

నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు.

వరండాలో బెంచీ మీద గంగాధరం పూలమ్మ పక్కన కూర్చున్నాడు. 

"పని ఆపితే ఆర్డరు పోతాది," అన్నాడు. "రేపు రెండో గన్ను ఇందుకిద్దాం. మోకాలి మింద తట్టొద్దని అందరికీ గెట్టిగా చెప్తా. గోడ మింద బోర్డు రాపిస్తా."

పూలమ్మ చేతిలో నీళ్ల సీసా ఉంది. మధ్యాహ్నం నుంచీ నీళ్లు తాగలేదు. రెండు గుక్కలు తాగింది. సీసా వచ్చి మోకాలికి తగిలి ఆగింది.

ఆమె సీసా వైపు చూసింది.

మళ్లీ ఎత్తింది. తట్టకూడదని తనలో తాను చెప్పుకుంది. రెండు గుక్కలు తాగింది. సీసా మోకాలికి తగిలింది.

చీర మీద అక్కడ పసుపు మరక. గరిటె పెట్టిన మరక. గరిటె ఒక్కటే కాదు. దువ్వెన, తాళంచెవి, సెల్‌ఫోను, బస్సు టికెట్టు, చేతిలోకి వచ్చింది ఏదైనా సరే. ఇంట్లో, బస్సులో, గుళ్లో. ముప్పై ఏళ్లుగా. షెడ్డులో నవ్వుతూ పలకలు అందించిన ఇందు కూడా అంతే. అందరూ అంతే. వాళ్లకు నేర్పింది తనే.



"బోర్డు రాపిస్తే ఏం లాభమన్నా," అంది. "నా చెయ్యికి సదువు రాదు."

"మరేం సెయ్యల్ల?"

"చెయ్యి మారదు. ఇప్పుడే నీ పక్కన కూర్చోని దానికి చెప్పి చూసినా, వినలే. గన్ను మార్చల్ల."

"వాడిన గన్ను ఆయప్ప తీసుకోడమ్మా."

"తీసుకోకపోతే ఆడనే కూర్చుంటా. ఆ రెండూ నాకియ్యి. నేను తిరిగి వచ్చేదాకా సుత్తితో కొట్టమను."

గంగాధరం ఆమె ముఖం చూసి, జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి ఇచ్చాడు.

గన్నులు రెండూ గోనెసంచిలో వేసుకుని పూలమ్మ పుంగనూరు చేరింది. అంకయ్యకు సంగతి ముందే ఫోనులో తెలిసింది. అన్నం తానే వండి పెట్టాడు. పప్పు గరిటె ఆమెకు అందనంత దూరంలో పెట్టుకున్నాడు. ఆ రాత్రి ఆయన ఏ ఎగతాళీ చేయలేదు.

తెల్లవారుజామున మొదటి బస్సుకు ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని కుప్పం పోయింది. కొట్టు ఇంకా తెరవలేదు. మెట్టు మీద కూర్చుంది. తొమ్మిదికి అఫ్రోజ్ వచ్చాడు.

"ఏమక్కా, ఇంత పొద్దున్నే? గన్ను పలకలేదా?"

"పలికింది," అంది.

నాలుగు మాటల్లో చెప్పింది. అఫ్రోజ్ చేతిలో తాళంచెవి తాళంలో సగం తిరిగి ఆగిపోయింది.

"యా అల్లా," అన్నాడు. తర్వాత, "నేను ఆ దినమే..." అని, మింగేశాడు.

"చెప్పినావు. నేనే వినలే. ఇప్పుడు నాకు ఒక పీట ఇయ్యి."

"పీట యాలక్కా?"

"ఆ పొద్దు నిలబడి చూసినా. మేము కూర్చోని కొడతాం."

అతను ఖాళీ పెయింటు డబ్బా బోర్లించాడు. ఆమె కూర్చుంది. అఫ్రోజ్ ఎర్ర గన్ను ఒకటి తీసి, రెండు చీలలు ఊడదీసి, దాని ట్రిగ్గర్‌ను అరచేతిలోకి తీసుకున్నాడు. లోపలికి పోయి అలాంటిదే ఇంకోటి తెచ్చి పక్కన పెట్టాడు. రెండూ బొటనవేలంత ఉన్నాయి.

"గన్ను అదేనక్కా. ఎర్రదానికీ బూడిదరంగుదానికీ ఈ ముక్క ఒకటే తేడా. అడిగేదీ అడగనిదీ ఇదే. పది నిమిషాల్లో మార్చిస్తా."

"ఇంతేనా?"

"ఇంతే."

పూలమ్మ ఆ రెండు ముక్కలనూ చాలాసేపు చూసింది. ఎక్స్‌రేను చూసినట్టే చూసింది. ఇంత ముక్కకు ఒక కాలు. 

అఫ్రోజ్ రెండు గన్నులకూ ముక్కలు మార్చి, మేకుల చుట్ట ఎక్కించి, గాలిపైపు తగిలించాడు. ఆమె మూడంగుళాల మందం చెక్కదిమ్మె అడిగి తీసుకుని కుడి మోకాలి మీద పెట్టుకుంది. మేకు రెండున్నర అంగుళాలు. పేలినా దిమ్మెలోనే ఉంటుంది. వేలుతో ట్రిగ్గర్ గట్టిగా నొక్కి పెట్టింది. కళ్లు మూసుకుని, చేతిని దాని దారిన వదిలింది.

గాల్లో రెండుసార్లు ఆడి, మూడోసారి ముక్కు వచ్చి దిమ్మెకు తగిలింది.

టక్.

మేకు రాలేదు. మళ్లీ వదిలింది. టక్. మళ్లీ. వేలు తియ్యలేదు. మెల్లగా తట్టింది, గట్టిగా తట్టింది, వంకరగా తట్టింది. కొట్టుకు వచ్చిన ఇద్దరు మేస్త్రీలు మెట్టు మీదే నిలబడిపోయారు. ఆమె లెక్కపెట్టలేదు. అఫ్రోజ్ పెట్టాడు. నూరు దాటింది. దిమ్మె మీద ఒక్క బొక్క లేదు.

ఆమె కళ్లు తెరిచి, దిమ్మె తీసి కింద పెట్టింది. వేలు మళ్లీ ట్రిగ్గర్ నొక్కింది.

అఫ్రోజ్‌కు అప్పుడు అర్థమైంది.

"అక్కా, వొద్దు! చాలు, తెలిసిపాయ కదా!"

"ఏడుమంది మోకాళ్లకు తగలబోతాండాదప్పా ఇది," అంది. "ముందు నాది."

అఫ్రోజ్ గాలిపైపు వైపు చెయ్యి చాపాడు. చెయ్యి అందేలోపలే చీర మీద, మరక ఉన్న చోట, మోకాలికి నాలుగు వేళ్ల పైన, ఇనుము చల్లగా తగిలి ఆగింది.

మెట్టు మీద ఎవరో ఊపిరి వదిలారు.

పూలమ్మ ఆ గన్ను కింద పెట్టి, రెండోది అందుకుంది.